బస్సు అన్న మాట

మా తమ్ముడి తల పగిలిన రోజున మా మేడ మీది నుంచి విదేశీ చానెల్ వాళ్లు ప్రపంచమంతటికీ లైవ్ ఇచ్చారు. చూపించింది వాడి తలను కాదు, జనాన్ని. వాళ్లను జనం అని కూడా అనలేదు. సముద్రమన్నారు, తుఫానన్నారు, సలసల కాగే నూనె అన్నారు. నోరున్నవాళ్లు ఏదైనా అంటారు. నాకు ఒళ్లు మండేది ఒక్కచోటే. అన్ని రోజులు మాట్లాడి ఒక్కసారి కూడా బస్సు అనలేదు.

బస్సు సంగతి ముందు చెప్తాను. అది తెలియకపోతే మిగతాదంతా వాళ్లు చెప్పినట్టే కనిపిస్తుంది.

మా తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. నలభై దాటినా నాకు వాడు బుడ్డోడే. ఓట్లయిన సాయంత్రం వాడి బస్సులోకి సీళ్లు వేసిన ఓటు పెట్టెలు ఎక్కించి లెక్కింపు హాలుకు పొమ్మన్నారు. సగం దారిలో ఫోనొచ్చింది, హాలుకొద్దు, మిలిటరీ బారకాసుల వెనక దొడ్డికి తోలుకురమ్మని. ఆ దొడ్లో ఓట్లు లెక్కపెట్టేవాళ్లు ఎవరూ ఉండరని చంటిపిల్లకైనా తెలుసు. వాడు మా ఇంటి ముందు కూడలిలో, సరిగ్గా నడిమధ్యన బస్సు ఆపాడు. బ్రేకుల్లో గాలి దించేసి, తాళంచెవి జేబులో వేసుకుని పైకొచ్చి మంచినీళ్లడిగాడు.

"ఏం చేశావురా?" అన్నాను.

"గాలి తీసేశానక్కా. చక్రాలు పట్టేస్తాయి. ఇంజను తిరిగి మళ్లీ గాలి నిండితే తప్ప ఏ క్రేనూ లాగలేదు."

"అది కాదు నేనడిగింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఇంత ఊళ్లో పెట్టెల బాధ నీకొక్కడికే పట్టిందా?"

"ఎవడు గెలిస్తే నాకేంటక్కా. ఎక్కించిన సరుకు రాసిచ్చిన చోట దించాలి. అదే కదా డ్రైవరు పని," అని గ్లాసు కింద పెట్టి దిగిపోయాడు.

నేను వెనకనుంచి తిడుతూనే ఉన్నాను. నా తిట్లకు వాడెప్పుడు బెదిరాడు కనక. చీకటి పడేలోగా డిపోలోని కండక్టర్లు వచ్చి బస్సు చుట్టూ కూచున్నారు. తర్వాత వాళ్ల ఆడవాళ్లు వచ్చారు. ఆ తర్వాత ముక్కూ మొహం తెలియని వాళ్లు వచ్చారు. అందరూ వీపులు బస్సుకు ఆనించి మొహాలు రోడ్ల వైపు పెట్టి కూచున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కాపలా కూచోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

మాది లాండ్రీ. కింద బాయిలర్లు, మధ్య అంతస్తులో ఇస్త్రీ బల్లలు, మేడ మీద దండేలు. ఊళ్లో లాడ్జీల దుప్పట్లూ, ఆస్పత్రి దుప్పట్లూ మా మేడ మీదే ఆరతాయి. అక్కడినుంచి కూడలి అంతా అరచేతిలో ఉన్నట్టు కనపడుతుంది. అందుకే ఆ విదేశీ చానెల్ వాళ్లు నా మేడ అడిగారు. వెంటబెట్టుకొచ్చింది ఎవరో కాదు, మా అక్క కొడుకు. వాడు ఆ భాష చదివాడు, వాళ్లకు దుబాసీ పని చేస్తాడు. మా అక్క పోయాక వాణ్ని నేనే పెంచాను. అంతకు ముందు తమ్ముణ్ని పెంచాను. నా సొంతానికి పిల్లలు లేని లోటు ఈ ఇద్దరు వెధవలూ తెలియనివ్వలేదు.

విలేకరికి నేను కోటుబాబు అని పేరు పెట్టాను. పైన కోటు, టై. కింద నిక్కరు, రబ్బరు చెప్పులు.

"కెమెరా నడుము దాకానే చూస్తుంది పిన్నీ. కనపడని సగం ఎలా ఉన్నా ఫరవాలేదు," అన్నాడు దుబాసీ.

అప్పుడు నాకు నవ్వొచ్చింది.

మొదటి రోజే ఆయన గారు మాట్లాడుతుండగా నేను తడి దుప్పట్ల గంప చంకన పెట్టుకుని వెనకనుంచి నడిచిపోయాను. నా మేడ, నా గంప, నాకేం తెలుసు? కెమెరా మీద ఎర్ర లాంపు వెలుగుతుంటే ప్రపంచమంతా చూస్తున్నట్టట. కోటుబాబు తల పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే మేడ తలుపుకు మేం ఉండే వైపున ఇంత లావు గడియ బిగించారు. లాంపు వెలిగినంతసేపూ గడియ వేసి ఉండాలి, ఎవరొచ్చినా తియ్యకూడదు. అది వాళ్ల పద్ధతి. గడియ దగ్గర నిలబడే పని దుబాసీది. నేను నా బట్టల దగ్గర కిక్కురుమనకుండా కూచోవాలి.

అలా కూచుని వింటుండేదాన్ని. వాడు గుసగుసగా చెప్పేవాడు.

"ఏమంటున్నాడ్రా?"

"దేశం కుతకుత ఉడుకుతోంది, మూత ఎప్పుడైనా ఎగిరిపోవచ్చు అంటున్నాడు."

మర్నాడు సముద్రం. ఆ మర్నాడు తుఫాను. ఇంకో రోజు కుస్తీ గోదా. గద్దె మీదున్న పెద్దాయన ఒక మూల, ఎదురు నిలబడ్డ కుర్రనాయకుడు ఇంకో మూల. ఆ కుర్రనాయకుడు మా కూడలి మొహం చూసిన పాపాన పోలేదు. తుఫానుకూ సముద్రానికీ వాళ్ల భాషలో ఏమంటారో నాకు కంఠతా వచ్చేసింది. ఆయన నోట్లో అవి ఎప్పుడు పడతాయో ముందే తెలిసిపోయేది.

ఒక మధ్యాహ్నం రెండు వ్యానుల్లో మామూలు బట్టల మనుషులు దిగారు. చేతుల్లో ఇనప రాడ్లు. సరాసరి బస్సు మీదికి వెళ్లారు. ఒక కండక్టరు తలుపు కడ్డీ పట్టుకుని వదల్లేదు. రాడ్డుతో వేళ్ల మీద కొట్టారు. మళ్లీ కొట్టారు. ఎముకలు విరిగిన చప్పుడు మేడ మీది దాకా రాదు కానీ ఆ మనిషి అరుపు వచ్చింది. పక్కనున్న ఆవిణ్ని జుట్టు పట్టి ఈడ్చి డ్రెయినేజీ గట్టుకేసి మొహం కొట్టారు. మా తమ్ముడు ఒకడి నడుం పట్టుకుని కింద పడేసి రాడ్డు లాక్కున్నాడు. ఇక జనం కూడా వాళ్ల మీద పడ్డారు. వచ్చినవాళ్లు పళ్లు ఊడి, ఒకడు చెవి తెగి, వ్యానులెక్కి పారిపోయారు. ఆ రోజు నా దుప్పట్లలో నాలుగు చింపి కట్లు కట్టాను.

మేడ మీదికొచ్చేసరికి కోటుబాబు ముగిస్తున్నాడు.

"మొదటి రౌండు ముగిసింది, పోరు సమ ఉజ్జీగా ఉంది అన్నాడు," అని చెప్పాడు దుబాసీ.

నాకు తిక్క రేగింది. "కుడిచేతి వేళ్లు నుజ్జయినవాడు అక్కడ నేలమీద దొర్లుతున్నాడు. ఎవడికి సమం? బస్సు గురించి చెప్పమనరా."

"చెప్పాను పిన్నీ. ఆయనకిచ్చేది నిమిషన్నర. పెట్టెలు, దొడ్డి, బ్రేకుల్లో గాలి ఇవన్నీ చెప్పేసరికి అవతల జనం చానెల్ మార్చేస్తారట. ఇద్దరు కొట్టుకుంటున్నారంటే క్షణంలో అర్థమవుతుంది."

"అబద్ధం క్షణంలోనే అర్థమవుతుంది. బస్సుని వాళ్ల భాషలో ఏమంటారు?"

"బస్సే. అక్కడా బస్సే, ఇక్కడా బస్సే."

"మరి నా చెవిన పడదేం?"

వాడు గడియ వైపు తిరిగాడు. నేను ఊరుకోలేదు. "బుర్ర పెట్టి ఆలోచించు. మంట అంటే ఆర్పుతారు. వరద అంటే కట్టేస్తారు. పెట్టెలకు కాపలా కూచున్నారంటే మాత్రం ఆ పెట్టెల్లో ఏముందని అడుగుతారు. నలుగురూ అడిగితే మీ మావయ్య బతుకుతాడు. అడక్కపోతే బతకడు. అంతే తేడా."

"నేను దుబాసీని పిన్నీ. వాళ్లన్నది నీకు చెప్తాను, నువ్వన్నది వాళ్లకు చెప్తాను. మాటలు నావి కావు."

వాడి జీవితంలో వాడు అన్నవాటిలో అంతకంటే పనికిమాలిన మాట లేదు.

తర్వాతి రోజు పొద్దున బాయిలర్ దగ్గర రేడియో మోగుతోంది. సైన్యం తరఫున ఎవరో మాట్లాడాడు. రాజధాని అంటుకుందని మేం అనడం లేదు, విదేశీ చానెళ్లే అంటున్నాయి, అంటుకున్న దాన్ని ఆర్పడం మా బాధ్యత అన్నాడు. గొంతులో ఎక్కడా తొట్రుపాటు లేదు. నేను బకెట్ అక్కడే వదిలేసి కూడలిలోకి పరిగెత్తి తమ్ముడి చొక్కా పట్టుకున్నాను.

"ఇంటికి రారా. తాళంచెవి కాలవలో పారేసి వచ్చెయ్యి."

"తాళం పారేస్తే బండి హాలుకు ఎవరు తోల్తారక్కా?" అన్నాడు. వాడింకా దాన్ని హాలుకు తోలే ఆలోచనలోనే ఉన్నాడు.

మధ్యాహ్నం లైవ్ టైముకు దుబాసీ గడియ వేశాడు. ఎర్ర లాంపు వెలిగింది. కోటుబాబు నోరు తెరిచాడో లేదో కూడలికి నాలుగు వైపులనుంచీ లారీలు వచ్చి అడ్డంగా నిలబడ్డాయి. ముందు పొగ గుండ్లు పడ్డాయి. కూచున్నవాళ్లు లేవలేదు, కొంగులు మొహాలకు కట్టుకుని ఇంకా దగ్గరగా జరిగారు. అప్పుడు కాల్చారు. గాల్లోకి కాదు. బస్సుకు ఆనుకున్న మొదటి వరసలో మనుషులు కూచున్నవాళ్లు కూచున్నట్టే ఒరిగిపోయారు. ఒకావిడ లేచి రెండడుగులు వేసి మోకాళ్ల మీద పడింది, ఆమె వెనక పరిగెత్తుతున్నవాళ్లు ఆమెను తొక్కుకుంటూ పోయారు. బందూకు మడమలతో పడినవాళ్లను పడినచోటే కొడుతున్నారు. తలల మీదే కొడుతున్నారు. తారు రోడ్డు మీద రక్తం జారుతుంటే సైనికుడే ఒకడు కాలు జారి పడ్డాడు.

"ఏమంటున్నాడ్రా వాడు?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఆనకట్ట తెగింది అంటున్నాడు."

మెట్ల మీద అడుగులు. ఒకళ్లవి కావు, చాలామందివి. తలుపు మీద దబదబా బాదుతున్నారు. వాటి మధ్యనుంచి తెలిసిన గొంతు.

"అక్కా, నేనే. తియ్యి."

నేను గడియ దగ్గరికి ఎలా వెళ్లానో తెలియదు. దుబాసీ వీపు తలుపుకు ఆనించి నిలబడ్డాడు.

"లాంపు ఆరనీ పిన్నీ. ఒక్క నిమిషం. ఉద్యోగం పోతుంది."

"బయట ఉన్నది మీ మావయ్యరా."

"ఒక్క నిమిషం," అన్నాడు మళ్లీ. మొహంలో నెత్తురు చుక్క లేదు. వాడికీ ఆ గొంతు తెలుసు. భయంతో వాడి ఒళ్లు అక్కడే బిగుసుకుపోయింది.

కోటుబాబు మైకు తలుపు వైపు తిప్పి ఏదో అన్నాడు. ఆగ్రహం మన గుమ్మం దాకా వచ్చింది, వినండి అన్నాడని తర్వాత తెలిసింది. వినండి అన్న చప్పుళ్లలో మా తమ్ముడి తల తలుపుకు కొట్టుకున్న చప్పుడు కూడా ఉంది. ముందు చేతులతో బాదిన చప్పుడు, తర్వాత ఆ చప్పుడు. రెండూ వేరు, వేరుగానే వినపడ్డాయి.

తడి బట్టలు దండెం మీదికి ఎత్తే కర్ర ఒకటుంటుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని నేను పెంచినవాడి భుజమ్మీద కొట్టాను. ఎముక పుటుక్కుమంది. వాడు పక్కకు ఒరిగాడు. గడియ లాగాను.

తమ్ముడు నా మీద పడ్డాడు. తల ఎడమ పక్క లోపలికి దిగిపోయి ఉంది. ఆ కన్ను ఉండాల్సిన చోట లేదు. వాడి వెనక మెట్ల నిండా మనుషులు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు, వాళ్ల మీదినుంచి అడుగులేసుకుంటూ ఇద్దరు సైనికులు, ఒక ఆఫీసరు లోపలికొచ్చారు. బందూకు మళ్లీ ఎత్తినవాడు ఎర్ర లాంపు చూసి దించేశాడు. ఆఫీసరు టోపీ సర్దుకుని, కోటుబాబుకు ఆయన భాషలోనే నమస్కారం చెప్పాడు. చక్కగా మాట్లాడాడు. ఎక్కడో బాగానే చదువుకున్నాడు.

తమ్ముడి చెయ్యి నా పిడికిలి వెతుక్కుంది. తాళంచెవి వేడిగా, జారుతూ నా చేతిలోకి వచ్చింది.

"బండి జాగ్రత్తక్కా," అన్నాడు. డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి డ్రైవరుతో అనే మాట. అంతే. ఇక మాట్లాడలేదు.

కింద పెట్రోలు డబ్బాలు గుమ్మరిస్తున్నారు. తాళం దొరకలేదు, బండి కదలలేదు. అందుకని తగలబెట్టారు. పెట్టెలతో సహా, కింద దాక్కున్నవాళ్లతో సహా తగలబెట్టారు. చక్రాల సందులోంచి ఒకడు మండుతూ బయటికి పాకాడు, లారీ దగ్గర నిలబడ్డ సైనికుడు వాణ్ని కాలితో మళ్లీ లోపలికి నెట్టాడు. ఇదంతా జరుగుతుంటే కెమెరా నా మొహం చూస్తోంది.

కోటుబాబు నా ముందు వంగి మైకు పెట్టాడు. దుబాసీ విరిగిన భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఎలా అనిపిస్తోంది అని అడుగుతున్నాడు పిన్నీ," అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. అయినా చెప్పాను. అరవలేదు, ఏడవలేదు. బట్టల పద్దు చదివినట్టు చెప్పాను.

"వీడు నా తమ్ముడు. బస్సు డ్రైవరు. ఆ బస్సులో ఓటు పెట్టెలున్నాయి. హాలుకు వెళ్లాల్సినవాటిని బారకాసులకు తెమ్మంటే వీడు తేలేదు. జనం పెట్టెలకు కాపలా కూచున్నారు. వీళ్లు కాల్చి చంపారు. ఇప్పుడు బస్సును తగలబెడుతున్నారు, కెమెరా అటు తిప్పండి."

ఆఫీసరు దుబాసీ వైపు చూశాడు. ఊరికే చూస్తూ, వినడానికి తల కొంచెం వంచాడు.

దుబాసీ మొదలుపెట్టాడు. నేను ఒకే ఒక్క మాట కోసం చెవులు రిక్కించి ఉన్నాను. తుఫాను అన్న మాట వచ్చింది. సముద్రం అన్న మాట వచ్చింది. కోటుబాబు తల ఊపుతున్నాడు. వాడు ముగించాడు. నా మాట రాలేదు.

అప్పుడు తాళంచెవి కెమెరా కంటికి ఆనేంత దగ్గరగా పెట్టాను. దానిమీద తమ్ముడి రక్తం ఉంది.

"బస్సు," అన్నాను. "బస్సు. బస్సు."

దీనికి దుబాసీ అక్కర్లేదు. కోటుబాబు మొహం మొదటిసారి కదిలింది. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు. ఆఫీసరు దగ్గాడు. కోటుబాబు నోరు మూసుకుని, మెడ మీద వేలితో అడ్డంగా గీసి, ఆపెయ్యమని కెమెరా పట్టుకున్నాయనకు సైగ చేశాడు. ఎర్ర లాంపు ఆరిపోయింది.

అది ఆరాక కొట్టారు. బందూకు మడమ నా దవడ మీద పడింది. పడుతూ పడుతూ చెయ్యి విదిల్చాను. తాళంచెవి వెళ్లి గంజి బకెట్‌లో మునిగింది. నా బట్టలు వెతికారు, తమ్ముడి శవాన్ని దొర్లించి వెతికారు, దండేలన్నీ తెంపారు. గంజిలో చెయ్యి పెట్టడానికి మాత్రం ఎవడికీ మనసు రాలేదు.

ఇప్పుడు నా దవడ తీగలతో కట్టేసి ఉంది. గొట్టంతో తాగుతాను. మాట్లాడలేను. మా అయినవాళ్లంతా అదొక వింతగా చెప్పుకుంటారు.

దుబాసీ కట్టు కట్టిన భుజంతో ఒకరోజు వచ్చి ఫోన్లో ఆ వీడియో చూపించాడు. లోకమంతా చూసిందట. తుఫానులో సర్వం పోగొట్టుకున్న స్త్రీ అని రాశారట. నేను తాళంచెవి పట్టుకుని ఉన్నాను, పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. దానిమీద కోటుబాబు గొంతు వినపడుతోంది. చివర పొగ చూపించి, అల్లర్లలో వాహనాలు కాలిపోయాయి అన్నాడట. వాటంతట అవే కాలిపోయినట్టు.

"ఆ ఆఫీసరుకు భాష వచ్చు పిన్నీ," అన్నాడు దుబాసీ, నేల చూపులు చూస్తూ. "నువ్వన్నది అన్నట్టు చెప్పి ఉంటే ఇవాళ నువ్వు ఉండేదానివి కాదు. నేనూ ఉండేవాణ్ని కాదు."

అది నిజమే. నిజమైనా వాణ్ని క్షమించలేదు. నోరు లేదు కనక బతికిపోయాడు, లేకపోతే ఆ రోజు వాడికి నా నోటి రుచి తెలిసేది. ఫోన్ తీసుకుని వీడియో వెనక్కి జరిపి, నా పెదాల మీద వేలు పెట్టి చూపించాను. మళ్లీ జరిపాను, మళ్లీ చూపించాను. వాడు ఏడుపు మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే కింద ఎవరో పిలిచారు. ఇంకో దేశపు చానెలట, ఈసారి ఆడమనిషి. మేడ కావాలట. దుబాసీ కళ్లు తుడుచుకుని మెట్లు దిగి, మేడ చూపిస్తానని ఆమెతో అంటున్నాడు. నేను అడ్డం వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని కూడలిలోకి లాక్కుపోయాను. వాడు వెనకాల పరిగెత్తుకొచ్చాడు.

తమ్ముడు బ్రేకుల్లో గాలి దించిన బస్సు చక్రాలు ఇప్పటికీ పట్టేసే ఉన్నాయి. బస్సు అస్థిపంజరం కదలక, గ్యాస్ కట్టర్లతో ముక్కలు కోసి లారీ ఎక్కిస్తున్నారు. ముందు సగం అయిపోయింది. వెనక సగం ఇంకా ఉంది, లోపల సీట్ల మీద కరిగి మళ్లీ గట్టిపడ్డ పెట్టెలున్నాయి. పక్కన ఇద్దరు సైనికులు కాపలా ఉన్నారు, వాళ్ల దగ్గర టోపీ సర్దుకుంటూ అదే ఆఫీసరు.

ఆమె నన్ను చూసింది, వాణ్ని చూసింది. ఏదో అడిగింది. ఇదేమిటి అనే అడిగి ఉంటుంది.

నేను కొంగుముడి విప్పి తాళంచెవి తీశాను. గంజి ఎండి తెల్లగా పట్టింది, దాని కింద ఎర్రటి చార ఇంకా ఉంది. మా అక్క కొడుకు అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, పైనుంచి గట్టిగా పట్టుకున్నాను. ఆఫీసరు మమ్మల్ని చూసి మెల్లగా ఇటే నడిచి వస్తున్నాడు. వాడు ఆఫీసరును చూశాడు. నన్ను చూశాడు. నా దవడకు కట్టిన తీగలు చూశాడు.

"బస్సు," అన్నాడు. ఆమెకు వినపడేలా, ఆఫీసరుకూ వినపడేలా. "మా మావయ్య బస్సు."